కొల్లేరు, కోరంగి, పులికాట్: సైకిలు మీద వెళ్లేవారి ప్రశ్నలకు జవాబులు

చలి మొదలైతే చాలు, డెల్టాలో సైకిలు ప్రయాణాల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ నీటిపక్షుల అభయారణ్యాల చుట్టూ తిరిగినవే. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం. దూరాలన్నీ ఉజ్జాయింపు, నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూ చూసుకోండి.

ప్రశ్న: డిసెంబరు చివర్లో ఏలూరులో బయల్దేరి కొల్లేరు, భీమవరం, నరసాపురం, అమలాపురం, యానాం, కోరంగి మీదుగా కాకినాడ చేరాలనుకుంటున్నాం. 220 కిలోమీటర్లు. ఎక్కడా ఎత్తు లేదు కాబట్టి రెండు రోజుల్లో అయిపోతుందా? (బ్యాంకు ఉద్యోగి, తణుకు)

అయిపోతుంది, ఒక్క పక్షిని కూడా చూడకుండా తొక్కితే. రోజుల లెక్క తర్వాత చూద్దాం, ముందు దిక్కు మార్చండి. కాకినాడలో మొదలుపెట్టి ఏలూరులో ముగించండి.

కారణం గాలి. నవంబరు నుంచి జనవరి దాకా మన కోస్తాలో ఈశాన్యపు గాలి ఎక్కువ. ఏలూరు నుంచి కాకినాడ వైపు తొక్కితే దారిలో చాలా భాగం అది మీ మొహానే కొడుతుంది. మీరు గంటకు 18 కిలోమీటర్లు వెళ్తుండగా 15 కిలోమీటర్ల ఎదురుగాలి వీచిందనుకోండి, మీ ఒంటికి తగిలే గాలి 33 కిలోమీటర్ల వేగంతో తగిలినట్టు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి లేని రోజుకంటే మూడు రెట్లు దాటిపోతుంది. కొండ దారిలో ఎక్కినంత సేపు కష్టపడితే దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. డెల్టాలో దిగుడు లేదు, తొక్కడం ఆపితే సైకిలు ఆగుతుంది. నిమిషానికి 70 చుట్లు తొక్కేవాళ్లు గంటకు 4,200 చుట్లు తిప్పాలి, విరామం లేకుండా. పల్లపు నేల తేలిక అనుకుని వచ్చినవాళ్లు రెండోరోజు మధ్యాహ్నానికి కూలబడేది ఇందుకే.

ఇక రోజులు. నాలుగు పెట్టుకోండి.

మొదటిరోజు కాకినాడ నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా కోరంగి, యానాం, అక్కడ గోదావరి పాయ గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం మీదుగా అమలాపురం: 65 కిలోమీటర్లు. కోరంగిలో రెండు గంటలు ఆగినా మధ్యాహ్నం మూడుకల్లా చేరతారు.

రెండోరోజు అమలాపురం నుంచి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీద ఇంకో పాయ వైనతేయ దాటి రాజోలు, సఖినేటిపల్లి, అక్కడ పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి నరసాపురం, ఆపైన భీమవరం: 75 నుంచి 80. పంటు మీదికి సైకిళ్లు రోజూ ఎక్కుతూనే ఉంటాయి, అందులో కొత్తేమీ లేదు. గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు ఆపేస్తారు. అలాంటప్పుడు రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్లండి, ఆ దారే దగ్గర కూడా. నరసాపురం నుంచి భీమవరం వరకు దారి వాయవ్యంగా తిరుగుతుంది, గాలి కుడిపక్క నుంచి కొడుతుంది. లారీ మీ పక్కకు రాగానే ఆ గాలి తెగి, లారీ దాటగానే మళ్లీ ఒక్కసారి తోస్తుంది. హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని రోడ్డు అంచు నుంచి ఒక మీటరు లోపలికి జరిగి ఉండండి.

మూడోరోజు భీమవరం నుంచి ఉండి, ఆకివీడు, కైకలూరు: 40 మాత్రమే. కావాలనే తగ్గించాం. సాయంత్రం నాలుగుకు కొల్లేరు పక్షులు గూళ్లు కట్టే ఆటపాక చేరాలి, మళ్లీ మర్నాడు తెల్లారగానే అక్కడే ఉండాలి. కైకలూరు నుంచి ఆటపాక రెండు కిలోమీటర్లే.

నాలుగోరోజు ఆటపాకలో ఎనిమిదింటి దాకా గడిపి, కొల్లేరు మీదుగా ఏలూరు: 35. ఈ ముక్క ఉత్తరంగా పోతుంది, గాలి కొంచెం ఎదురే. నీడ కూడా లేదు. పది దాటకముందే ఎక్కువ భాగం పూర్తి చేయండి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పెట్టుకుంటే? ఆఫీసుకు సెలవు అప్పుడే దొరుకుతుంది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

పులికాట్‌కి వెళ్లండి, భీమవరం వద్దు. సంక్రాంతి మూడు రోజులూ ఆ చుట్టుపక్కల కోడిపందేల జాతర. లాడ్జీల్లో గదులు ఎప్పుడో నిండిపోతాయి, పల్లె రోడ్లన్నీ కార్లే. తాగి నడిపేవాళ్లు తక్కువేమీ ఉండరు.

జనవరి 20 నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మా దృష్టిలో అన్నింటికంటే మంచి రోజులు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి 10 వరకు రెండో ఎంపిక. అంతకు ముందు వెళ్తే రెండు చిక్కులు. ఒకటి తుపాన్లు, అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ శాఖ ప్రకటన చూడకుండా కదలకూడదు, డిసెంబరులోనూ ఒక కన్ను వేసి ఉంచాలి. రెండోది సార్వా (ఖరీఫ్) వరి కోతలు. రోడ్డు సగం వెడల్పున ధాన్యం ఆరబోసి ఉంటుంది. దానిమీద తొక్కడం తప్పే కాదు, ప్రమాదం కూడా, గింజల మీద టైరు పట్టు తప్పుతుంది. గడ్డిపోచలు వెనక గేరులో చుట్టుకుంటే డీరైలర్ (గేరు మార్చే భాగం) విరిగే దాకా వెళ్తుంది. పోచ కనపడగానే ఆగి చేత్తో లాగేయండి, ఇంకో నాలుగు తొక్కులు తొక్కితే అదే పోతుందని చూడకండి.

వానాకాలంలో ఏలూరు–కైకలూరు రోడ్డును నమ్మకూడదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటివన్నీ తెచ్చిపోసే నీరు కొల్లేరు నుంచి సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం పోటు మీద ఉంటే అది కూడా నెమ్మదిస్తుంది. అందుకే పైన వానలు ఆగిన తర్వాత కూడా యడ్లగాడి వంతెనల దగ్గర రోడ్డు మీద రోజుల తరబడి నీళ్లు నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు జరిగింది అదే. పారే నీటిలోకి సైకిలు దింపకండి. మోకాలి లోతు చాలు మనిషిని పడేయడానికి.

డిసెంబరు, జనవరి మంచు సంగతి కూడా చెప్పాలి. చెరువుల మధ్య రోడ్ల మీద పొద్దున ఎనిమిది దాకా వంద మీటర్ల అవతల ఏముందో తెలియని రోజులుంటాయి. వెనక ఎర్ర లైటు వెలిగించి ఉంచండి, పగలైనా సరే. రోడ్డు అంచున తెల్ల గీత కనపడనంత మంచుంటే టీ కొట్టు దగ్గర ఆగిపోవడమే పని.

ప్రశ్న: నాది గేర్లు లేని మామూలు నల్ల సైకిలు. పనికొస్తుందా? (డిగ్రీ విద్యార్థి, గుడివాడ)

ఈ దారికి అంతకంటే తగినది లేదు. ఒక మార్పు మాత్రం చేయించుకోండి. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 44, వెనక ఇరుసు మీది పళ్ల చక్రానికి (ఫ్రీవీల్) 18 పళ్లు ఉంటే ఒక తొక్కుకు సుమారు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 తొక్కులతో గంటకు 19 కిలోమీటర్లు. గాలి లేనప్పుడు బాగుంటుంది, ఎదురుగాలిలో మోకాళ్లు పట్టేస్తాయి. 20 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే తొక్కుకు 4.8 మీటర్లు, గంటకు 17. ఆ రెండు కిలోమీటర్లు పోతే పోయాయి, రోజంతా తొక్కగలుగుతారు. చైను మార్చక్కర్లేకుండానే చాలాసార్లు సరిపోతుంది: వెనక చక్రం గాడిలో అర సెంటీమీటరు పైచిలుకు ముందుకు జరపడానికి చోటుందేమో చూసుకోండి. లేకపోతే చైనుకు ముక్క కలపాలి.

రాడ్ బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించండి. పాతవి తడి రిమ్ము మీద జారతాయి.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత కొట్టాలి? గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లతో పంచర్లు తప్పడం లేదు. (మెకానిక్, ఆకివీడు)

మనిషి 75 కిలోలు, సామాను 10 కిలోలు అనుకుంటే: 35 మిల్లీమీటర్ల టైరుకు ముందు 45, వెనక 55 పీఎస్ఐ. 28 మిల్లీమీటర్లయితే 70, 80. లావు టైర్ల ఎంటీబీకి (కొండదారుల సైకిలుకు) 30, 35. నల్ల సైకిలుకు 40, 50. రాయిలా కొట్టిస్తే వేగంగా పోతుందనేది నున్నటి తారు మీదే నిజం. గతుకుల మీద చక్రం ఎగిరెగిరి పడి తొక్కిన బలం వృథా అవుతుంది, ఊచలు కూడా తెగుతాయి. మరీ తక్కువైతే గుంటలో పడినప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. విప్పి చూసినప్పుడు చిల్లులు జంటగా ఉంటే తప్పు ముల్లుది కాదు, గాలిది.

సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకుని టైరులోనే విరిగిపోతుంది. అసలు చిక్కు అదే. ట్యూబు మార్చి అయిదు కిలోమీటర్లు వెళ్లగానే మళ్లీ పంచరవుతుంది. ట్యూబులో చిల్లు ఎక్కడుందో వాల్వు నుంచి కొలిచి, టైరులో అదే చోట లోపల గుడ్డతో తుడుస్తూ వెతకండి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లుంది. దాన్ని బయటి నుంచి లోపలికి తోసి పట్టకారుతో లాగాలి.

ప్యాచీ ఊడిపోవడానికి కారణం చాలావరకు తొందరే. ఎమిరీ కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయి వేలికి అంటనంత ఆరాకే అతికించాలి. ఎండలో మూడు నిమిషాలు చాలు. మంచు పొద్దుల్లో, చెరువు గట్ల తేమలో ఏడెనిమిది పడుతుంది. ఊది ఆరబెట్టకండి, నోటి తేమ దిగుతుంది.

ట్యూబ్‌లెస్ అయితే 35 మిల్లీమీటర్ల టైరుకు 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయండి. మన ఎండలకు మూడు, నాలుగు నెలల్లో ఆరిపోతుంది. బయల్దేరే ముందు వారం కొత్తది పోసి చూడండి. సన్న పొడుగు వాల్వున్న సైకిళ్లవాళ్లు ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. ఊళ్లో సైకిలు షాపు పంపు దానికి పట్టదు.

ప్రశ్న: కోరంగి, పులికాట్ వెళ్లొచ్చాక వారానికే చైను తుప్పు పట్టింది. ఏం చేయాలి? (ఉపాధ్యాయుడు, రామచంద్రపురం)

ఉప్పు గాలి, ఉప్పు బురద. అదే రోజు రాత్రి మంచినీటితో కడగండి, మర్నాటికి వాయిదా వేయకండి. రెండు లీటర్లు చాలు, మగ్గుతో నెమ్మదిగా పోయాలి. బైకులు కడిగే షాపులో ప్రెషర్ గన్ పెట్టించవద్దు, ఆ ఒత్తిడికి నీరు సీళ్లు దాటి హబ్బుల్లోకి, పెడల్ ఇరుసులోకి దూరుతుంది. గ్రీజు పోయి బేరింగులు గరగరలాడేది నెల తర్వాత. గుడ్డతో తుడిచి, ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, చైను ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేయండి. పెడల్ వెనక్కి ఒక నిమిషం తిప్పి, పైన మిగిలినదంతా తుడిచేయండి. నూనె పని రోలరు లోపల, పైన ఉన్నది దుమ్మును పట్టి ఉంచడం తప్ప ఏమీ చేయదు. కోనసీమలో కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు. చలి పొద్దున అది పేరుకుంటుంది, వద్దు.

రేగడి బురద వేరే రకం. తడిసిన గట్టు మీద పాతిక మీటర్లు వెళ్తే చాలు, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కూరుకుని చక్రం బిగుసుకుపోతుంది. బలంగా తొక్కితే మడ్‌గార్డు విరిగి చక్రంలో పడుతుంది. దిగండి, పుల్లతో గీకండి, వచ్చిన దారినే తారు రోడ్డెక్కండి. వాన పడిన తర్వాత రెండు రోజుల వరకు మట్టి గట్ల ఊసెత్తకండి.

ప్రశ్న: కొల్లేరులో చేపల చెరువుల గట్ల మీదుగా అడ్డదారులు మ్యాపులో కనిపిస్తున్నాయి. వెళ్లొచ్చా? (పాఠకురాలు, విజయవాడ)

కనిపించేవన్నీ దారులు కావు. చాలావరకు ఒకరి చెరువు గట్లు, చివర గేటో, కాలువో ఉంటుంది. పది కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాలి. గట్టు మీద ఏరేటర్ల (నీటిలోకి గాలి కలిపే యంత్రాల) కరెంటు తీగలు నేల మీదే పాకుతుంటాయి. తడి నేలలో వాటి మీదుగా సైకిలు పోనివ్వకండి. కాపలా కుక్కలుంటాయి. కుక్క మీదికి వస్తే వేగం పెంచకండి, ఆగి దిగి సైకిలు మధ్యలో పెట్టుకుని నడవండి, వందడుగులు దాటితే చాలావరకు వదిలేస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా మొదలుపెట్టించుకోవాలి.

తారు రోడ్డు మీద జాగ్రత్త పడాల్సింది చేపల లారీల గురించి. ఐసు కరిగి, చేపల జిగురుతో కలిసి కారిన నీరు రోడ్డు మీద చారలుగా ఉంటుంది. మలుపుల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎక్కువ. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

ప్రశ్న: వయసు 58. గంట తొక్కగానే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి. సీటు నొప్పి సరేసరి. (రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ)

ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం అరచేతి అంచున హ్యాండిల్ మీద నలుగుతోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలితే ఒళ్లంతా ముందుకు జారి బరువు చేతుల మీద పడుతుంది. సీటు సమంగా పెట్టి, హ్యాండిల్‌ను సీటు ఎత్తుకో, రెండు సెంటీమీటర్లు పైకో తేండి. సీటు ఎత్తు: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే మోకాలు సరిగ్గా చాపుకోవాలి. పిరుదులు అటూ ఇటూ ఊగితే ఎత్తెక్కువ.

మిగతాది చదును నేల చేసే హాని. ఎత్తులుంటే మనిషి తనంతట తానే సీటు మీద నుంచి లేస్తాడు, డెల్టాలో లేవడు. అందుకే పది నిమిషాలకోసారి, పని పెట్టుకుని, పెడళ్ల మీద నిలబడి పదిహేను సెకన్లు తొక్కండి. చేతుల పట్టు మార్చండి. మెత్తటి జెల్ కవరు కొనకండి. అది ఎక్కడ నొక్కకూడదో అక్కడే పొంగుతుంది. ప్యాడ్ ఉన్న నిక్కరు మేలు, లోపల ఇంకో బట్ట లేకుండా. ఇన్ని చేసినా మొద్దు మర్నాటికి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు. కొల్లేరు పల్లెల్లో బోరు నీరు తాగవద్దు, ఆర్వో నీటి టిన్నులు ప్రతి ఊళ్లో అమ్ముతారు. చెమట బాగా పోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోండి, చెంచాలు తలకొట్టి. కోనసీమలో ఆ శ్రమ కూడా అక్కర్లేదు, బొండాలున్నాయి.

ప్రశ్న: అభయారణ్యాల్లో సైకిలుకు అనుమతి కావాలా? పిల్లలకు చూపించడానికి బైనాక్యులర్ ఏది తీసుకోవాలి? (జీవశాస్త్రం అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం)

ఊళ్లను కలిపే రోడ్ల మీద వెళ్తున్నంత సేపు అక్కర్లేదు. కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002 నుంచి అది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల కూడా. ఊళ్లూ రోడ్లూ అందులోనే ఉన్నాయి. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉండాలి. డ్రోన్ ఎగరేయాలన్నా అంతే. ఆటపాకలో, కోరంగిలో టికెట్ తీసుకుని లోపలికి వెళ్లొచ్చు. కోరంగి మడ అడవిలోని చెక్క బాట నడవడానికే. తాళం తెచ్చుకోండి, సైకిలు గేటు దగ్గర వదలాలి.

కోరంగికి పోటుపాట్ల వేళలు చూసుకుని వెళ్లండి. పాటు సమయంలో బురద బయటపడి పీతలు, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. పోటు మీద మడచెట్ల వేళ్లు మునిగి, పడవకు బాగుంటుంది. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ నీటి ఎత్తులో తేడా ఎక్కువ. నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వకండి, అది రాత్రి తిరిగేది.

బైనాక్యులర్ 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది. పది రెట్లది తొక్కి వచ్చిన చేతుల్లో వణుకుతుంది. ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ఉండే కాలం ఇదే. పక్షులన్నీ ఒకేసారి తలలెత్తి మీ వైపు చూశాయంటే అప్పటికే దగ్గరకు వచ్చేశారు, రెండడుగులు వెనక్కి వేయండి. తల్లి లేచిపోతే పిల్ల ఎండకు మాడుతుంది, గుడ్లు కాకుల పాలవుతాయి. రోడ్డు మీద వేసుకునే మెరుపు పసుపు చొక్కా అక్కడ విప్పేసి సంచిలో పెట్టండి. రోడ్డెక్కగానే మళ్లీ వేసుకోండి, ఇది మరవద్దు.

ప్రశ్న: చెన్నైలో ఉంటాం. ఒక్కరోజులో నేలపట్టు, పులికాట్ రెండూ సైకిలు మీద కుదురుతాయా? (పాఠకుడు, చెన్నై)

కుదురుతాయి. సూళ్లూరుపేటలో రాత్రి ఉండి, తెల్లారగానే శ్రీహరికోట రోడ్డెక్కండి. పులికాట్ నీటి మధ్యగా తూర్పుకు పోయే రోడ్డు అది. పొద్దున గాలి పడి ఉన్నప్పుడు తూర్పుకు వెళ్లి, ఎండెక్కి సముద్రపు గాలి లేచాక పడమరకు తిరిగొస్తే గాలే తోసుకొస్తుంది. మధ్యలో నీడ లేదు, కొట్టు లేదని లెక్కేసుకోండి. రెండు లీటర్ల నీళ్లు, ఒక ట్యూబు దగ్గరుండాలి. షార్ (ఇస్రో రాకెట్ ప్రయోగ) కేంద్రం చెక్‌పోస్టు దాటి అనుమతి లేని సందర్శకులను పోనివ్వరు, అక్కడ ఫొటోలు వద్దు. షిఫ్టు బస్సుల వేళల్లో రోడ్డు అంచున ఆగి ఉండండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు అసలు పెట్టుకోకండి. రాజహంసలు (ఫ్లెమింగోలు) లోతు తక్కువ నీటిలో మేస్తాయి కాబట్టి వానలు బాగా పడి సరస్సు నిండుగా ఉన్న ఏడాది దూరంగా ఉంటాయి, జనవరి చివరికి నీరు తగ్గేకొద్దీ రోడ్డు దగ్గరకు వస్తాయి.

నేలపట్టు సూళ్లూరుపేట నుంచి ఉత్తరంగా 20 కిలోమీటర్లు, దొరవారిసత్రం దగ్గర 16వ నంబరు రహదారి దిగాలి. సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దానిమీదే వెళ్లండి. ఈ ముక్కకు గాలి ఎదురు. మధ్యాహ్నం భోంచేసి మూడింటికి బయల్దేరితే, గూడబాతులు మేత నుంచి తిరిగొచ్చే వేళకు చేరతారు.

ప్రశ్న: మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సైకిలుతో సహా రైల్లో వెనక్కి రావడం ఎలా? (పాఠకుడు, నిడదవోలు)

కాకినాడ, నరసాపురం, భీమవరం, ఆకివీడు, కైకలూరు, ఏలూరుల్లో స్టేషన్లున్నాయి. అమలాపురం, రాజోలు వైపు రైలు లేదు, అక్కడైతే ట్రాలీ ఆటోయే గతి. సైకిలును టికెట్ చూపించి పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి, రెండు నిమిషాలే ఆగుతుంది, బ్రేకు వ్యానులోకి (సామాను పెట్టెలోకి) ఎక్కించే లోపు కదిలిపోతుంది. భీమవరం, ఏలూరు లాంటి పెద్ద స్టేషన్లను ఎంచుకుని గంటన్నర ముందు చేరండి. అట్టముక్క మీద పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసి ఫ్రేముకు రెండు చోట్ల కట్టండి. లైటు, పంపు, సంచులు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. పెడళ్లు విప్పేట్టయితే ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.